నాలుగు సెల్లు, ఒక మెరుపు

బి.యస్సీ. మూడవ సంవత్సరం, భౌతికశాస్త్రం

సముద్రం అడుగున ఫోటోలు తీయడం గురించి రాయాలంటే సముద్రంలో దిగినవాడే రాయాలి. నాకు మా ఊరి చెరువులో ఈత వచ్చుగాని, సముద్రంలో మోకాలి లోతు దాటి వెళ్లిన పాపాన పోలేదు. అయినా ఈ నాలుగు మాటలు రాసే అర్హత ఒకటి నాకుంది. మా హాస్టల్లో ఒక సీనియరు ఉన్నాడు. జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. అందరం ఆయన్ని అన్నయ్య అనే పిలుస్తాం. విశాఖపట్నం తీరంలో, రుషికొండ మొదలుకొని మంగమారిపేట వైపు నీళ్లలో మునిగి ఉన్న రాళ్ల మధ్య బతికే జీవుల్ని ఆయన ఫోటోలు తీస్తుంటాడు. ఆయన కెమెరాకు రెండు పక్కలా చేతుల్లాగా రెండు ఫ్లాష్ దీపాలుంటాయి. వాటిని స్ట్రోబులంటారు. ఆ స్ట్రోబుల్లో వేసే బ్యాటరీలు చూసే పని రెండేళ్లుగా నాది. ఆయన డైవరు, నేను బ్యాటరీల గుమస్తాని.

“పెన్సిల్ సెల్లు చూడ్డానికి ఒక గుమస్తా కావాలా?” అని మా గది మిత్రులు నవ్వుతుంటారు. గడియారంలో వేసేదీ అదే, టీవీ రిమోటులో వేసేదీ అదే, దాని గురించి ఇంత రాద్ధాంతం దేనికని వాళ్ల ప్రశ్న. దానికి జవాబే ఈ వ్యాసం.

ముందు అసలు నీళ్లలో ఫ్లాష్ ఎందుకో చెప్పాలి. నీరు వెలుగుని అన్ని రంగుల్లోనూ ఒకేలాగా పోనివ్వదు. ఎరుపుని ముందు మింగేస్తుంది. అయిదారు మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు పోతుంది. ఆ తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. పన్నెండు, పదిహేను మీటర్ల లోతులో ఎర్రటి చేప కూడా బూడిదరంగులో కనబడుతుంది. దాని రంగు ఎక్కడికీ పోలేదు. ఆ రంగుని చూపించే వెలుగే అక్కడికి రాలేదు. అందుకని వెలుగుని మనమే పట్టుకెళ్లాలి. స్ట్రోబు అరచేతి దూరంలో నిలబడి సూర్యుడి వెలుగులాంటి తెల్లటి మెరుపు ఒకటి ఇస్తే, ఆ క్షణానికి అన్ని రంగులూ తిరిగి వస్తాయి.

అన్నయ్య పని గుల్ల లేని సముద్రపు నత్తల మీద. న్యూడిబ్రాంకులని వాటికి శాస్త్రంలో పేరు. వేలి కణుపంత ఉంటాయి. చీరల మీద కూడా చూడని రంగులు వాటి ఒంటిమీద ఉంటాయి. ఆ రంగుల్ని, చారల్ని బట్టే చాలావాటిని గుర్తుపడతారు. కాని ప్రాణిని పట్టుకొచ్చి స్పిరిట్ సీసాలో వేస్తే ఆ రంగు నిలవదు. కొన్నాళ్లకు సీసాలో తెల్లటి మాంసపు ముక్క మిగులుతుంది. అందువల్ల బతికుండగా, ఉన్నచోట, సరైన రంగుతో తీసిన ఫోటోయే అసలు సాక్ష్యం. అది ఉంటే “ఈ జాతి మన తీరంలో ఉంది” అని చెప్పొచ్చు. లేకపోతే “చూశానండీ” అని చెప్పుకోవాలి. చూశానన్న మాటకు పరిశోధనలో విలువ తక్కువ.

ఈ వెలుగు కోసం మనుషులు పడ్డ పాట్లు చదివితే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. ఫ్రాన్సు దేశంలో లూయీ బుటాన్ అనే శాస్త్రజ్ఞుడు 1893లో మధ్యధరా తీరాన బాన్యుల్స్ దగ్గర సముద్రంలో దిగి ఫోటోలు తీశాడు. వెలుగు కోసం ఆక్సిజన్ నింపిన పీపా మీద స్పిరిటు దీపం వెలిగించి, దాని మంట మీదికి మెగ్నీషియం పొడి ఊదే ఏర్పాటు చేసుకున్నాడు. 1926లో అమెరికాలో ఫ్లోరిడా దగ్గర లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు నీటి అడుగున మొదటి రంగుల ఫోటోలు తీశారు. అవి 1927 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చాయి. వాళ్లు తెప్ప మీద మెగ్నీషియం పొడి పెట్టి పేల్చేవారు. ఆ పొడి ఒకసారి పేలి లాంగ్లీకి కాలిన గాయాలయ్యాయి.

ఆ పొడిని, మంటని వదిలించినవాడు ఎం.ఐ.టి. ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్. గాజు గొట్టంలో జినాన్‌లాంటి జడవాయువు నింపి, కెపాసిటరులో కూడబెట్టిన విద్యుత్తుని ఒక్కసారిగా దానిగుండా పంపితే క్షణంలో వెయ్యోవంతు కూడా నిలవని మెరుపు వస్తుంది. 1930లలో ఆయన ఈ పద్ధతిని బాగా అభివృద్ధి చేశాడు. 1953 నుంచి సముద్ర పరిశోధకుడు కూస్తోతో కలిసి పనిచేశాడు. ఆ ఓడ సిబ్బంది ఆయన్ని ముద్దుగా “పాపా ఫ్లాష్” అని పిలిచేవారు. ఈనాటి స్ట్రోబు లోపల ఉన్నది ఆ సూత్రమే. సుమారు 300 వోల్టుల దాకా నింపే కెపాసిటరు ఒకటి, జినాన్ గొట్టం ఒకటి, వీటిని పోషించడానికి నాలుగు పెన్సిల్ సెల్లు. ఈ నాలుగు సెల్లు చేసే పని ఎంతటిదో బయటినుంచి చూస్తే తెలియదు.

రెండేళ్ల క్రితం ఒక శీతాకాలం ఉదయం, నీళ్లు కాస్త తేటగా ఉన్నాయని అన్నయ్య పడవలో బయల్దేరాడు. కొత్త సెల్లు కొన్నాడు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికాయి, పైగా ఒక్కొక్క దానిమీద 3600 అని పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉంది. పన్నెండు మీటర్ల లోతులో ఒక రాతి పగుల్లో, అంతకుముందు ఆయన మన తీరంలో ఎన్నడూ చూడని నత్త ఒకటి గుడ్లు పెడుతూ కనబడింది. మొదటి మెరుపు వచ్చింది. ఎంత దూరంలో పెట్టాలో, ఎంత వెలుగు కావాలో చూసుకోవడానికే మొదటి ఫోటో సరిపోతుంది. రెండోదానికి బటన్ నొక్కితే స్ట్రోబు పలకలేదు. సిద్ధంగా ఉన్నానని చెప్పే చిన్న దీపం అర నిమిషమైనా వెలగలేదు. వెలిగాక నొక్కితే మెరుపు సగమే వచ్చింది. పన్నెండు మీటర్ల లోతులో నిలబడి బ్యాటరీ మార్చడానికి అది గది కాదుగదా! ఆ లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు దాటి ఉంటుంది. సిలిండరులో గాలి కూడా అదే లెక్కన ఖర్చవుతుంది. ఎదురుచూసిన ప్రతి నిమిషమూ గాలితో కొన్నదే.

ఆయన పైకొచ్చాక పడవ తాత, “ఏటి బాబూ, దీపాలు పట్టుకెళ్లి చీకట్లోనే వచ్చేసినారా?” అన్నాడు. మర్నాటినుంచి సముద్రం మసకబారింది. వారం తర్వాత అదే రాతి దగ్గరికి వెళ్తే నత్తా లేదు, గుడ్లూ లేవు. మిగిలినవి బూడిదరంగు ఫోటోలు మూడు.

ఆ సాయంత్రం అన్నయ్య ఎనిమిది సెల్లు నా బల్ల మీద పోశాడు. “తమ్ముడూ, నువ్వు ఫిజిక్సు చదువుతున్నావుగా. ఇవి ఎందుకిలా చేశాయో చెప్పు” అన్నాడు. నా గుమస్తా ఉద్యోగం అలా మొదలైంది.

మొట్టమొదట వాటిని లాబొరేటరీలో తూచాను. 3600 అని రాసుకున్న సెల్ 18 గ్రాములుంది. పేరున్న కంపెనీవి 2000 అని రాసుకున్నది 27 గ్రాములుంది. ఈ సెల్లలో పనిచేసేది లోపలున్న నికెలు, లోహమిశ్రమం. సరుకు తక్కువ వేసి శక్తి ఎక్కువ ఇస్తానంటే ప్రకృతి ఒప్పుకోదు. నిజానికి ఈ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లో ఈనాటి పరిజ్ఞానంతో పట్టేది 2700, 2800 మిల్లీ ఆంపియర్ అవర్లకు కాస్త అటూ ఇటూ. అంతకు చాలా ఎక్కువ అంకె కనబడితే ఆ అంకె అచ్చాఫీసులో పుట్టిందన్నమాట. నింపి, ఖాళీచేసి కొలిస్తే ఆ 3600 సెల్లలో ఒక్కటీ 900 దాటలేదు.

ఇంతటితో కథ అయిపోతే “మంచి కంపెనీవి కొనండి” అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేవాణ్ణి. కాని అసలు విషయం ఆ అంకెలో లేదు. ఎంత నీరుందన్నది ఒక ప్రశ్న, ఎంత జోరుగా వస్తుందన్నది మరో ప్రశ్న. చెరువు నిండుగా ఉన్నా తూము సన్నగా ఉంటే పొలం తడవదు. సెల్ లోపల ఉండే ఆ తూమునే మనం ఇంటర్మీడియట్‌లో అంతర్నిరోధం అని చదువుకున్నాం, మార్కులు తెచ్చుకున్నాం, మరిచిపోయాం.

ఒక లెక్క వేద్దాం. పూర్తి బలంతో ఒక మెరుపు మెరిశాక కెపాసిటరు తిరిగి నిండడానికి సెల్లనుంచి 80 జౌళ్లు కావాలనుకోండి. అది రెండు సెకన్లలో నిండాలంటే 40 వాట్లు. నాలుగు సెల్లు వరసగా కలిపితే 4.8 వోల్టులు. అంటే 8 ఆంపియర్లకు పైమాటే. గోడ గడియారం తీసుకునే దానికి ఇది వేలరెట్లు! ఇప్పుడు సెల్ అంతర్నిరోధం 0.03 ఓములైతే 8 ఆంపియర్ల దగ్గర లోపలే పోయేది 0.24 వోల్టు. 1.2లో అది పోగా ఇంకా 0.96 మిగిలింది, పని జరుగుతుంది. అదే నిరోధం 0.15 ఓములైతే లోపలే 1.2 వోల్టులు పోతాయి. బయటికేమీ మిగలదు. అందుకని సెల్ అంత కరెంటు ఇవ్వలేక కొంచెం కొంచెంగా ఇస్తుంది. రెండు సెకన్ల పని పదిహేను సెకన్లు పడుతుంది. సాయంత్రం అందరి మోటార్లూ ఒకేసారి వేసినప్పుడు మా బోరు మోటారు మూలిగినట్టే ఇదీను.

బజారులో దొరికే మామూలు ఆల్కలైన్ సెల్ సంగతీ ఇందులోనే తేలిపోతుంది. దానిమీద 1.5 వోల్టులని ఉంటుంది, రీఛార్జి సెల్ మీద 1.2 అని ఉంటుంది. కొత్తవాడు 1.5 గొప్పదనుకుంటాడు. కాని ఆల్కలైన్ సెల్ అంతర్నిరోధం చాలా ఎక్కువ, వాడేకొద్దీ ఇంకా పెరుగుతుంది. బరువెత్తేసరికి 1.5 వాడు కూలబడతాడు, 1.2 వాడు నడుస్తాడు.

మరి ఏ రకం ఎంచుకోవాలి? నికెల్ కాడ్మియం సెల్‌ని స్వీడన్ దేశస్థుడు యుంగ్నర్ 1899లో కనిపెట్టాడు. జోరుకు మంచిదే గాని కాడ్మియం విషం. 1990 ప్రాంతంలో దాని స్థానంలోకి నికెల్ మెటల్ హైడ్రైడ్ వచ్చింది. దానికి ఒక జబ్బు ఉండేది. వాడకుండా పెట్టెలో పెట్టినా తనంతట తానే కారిపోయేది. నెలరోజులకే నాలుగోవంతు దాకా పోయేది. 2005లో జపాన్‌లో సాన్యో కంపెనీ ఎనెలూప్ అనే పేరుతో ఆ కారుడు బాగా తగ్గించిన సెల్ తెచ్చింది. తరవాత ఆ కంపెనీ పానసోనిక్ చేతికి వెళ్లింది. ఇప్పుడు ఇలాంటి సెల్లు ఇంకా కొన్ని కంపెనీలు చేస్తున్నాయి. ఏడాది పెట్టినా ముప్పాతికకు అటూ ఇటూగా ఛార్జి నిలుపుకుంటాయి. నీళ్లలోకి వెళ్లే స్ట్రోబుకు ఈ రకమే నమ్మకం.

ఇందులో మళ్లీ రెండు జాతులు. 2000 ప్రాంతంవి, 2500 ప్రాంతంవి. పెద్దవాటితో ఒక డైవులో కొన్ని మెరుపులు ఎక్కువ వస్తాయి. కాని అవి ఛార్జి చేసి వాడగలిగే సార్లు తక్కువ, త్వరగా ముసలివవుతాయి. లెక్క ప్రకారం 2000 సెల్లు నాలుగింటిలో 34,560 జౌళ్లుంటాయి. మెరుపుకు 80 చొప్పున 432 మెరుపులు. వాస్తవంలో ఇంత రావు. చివరికొచ్చేసరికి వోల్టేజి పడిపోయి స్ట్రోబు ముందే ఆగుతుంది. అయినా ముప్పావుగంట డైవుకు ఇది చాలు. మేం 2000 సెల్లే వాడతాం, డైవుకో సెట్టు మారుస్తాం. ఎక్కువ పండే వంగడం కంటే ఏటా పండే వంగడం మేలని మా వైపు అనుకుంటారు.

ఇప్పుడు లిథియం అయాన్ సెల్లు కూడా పెన్సిల్ సైజులో 1.5 వోల్టులని వస్తున్నాయి. లోపల ఒక చిన్న సర్క్యూటు ఉండి వోల్టేజిని దించి ఇస్తుంది. ఆ సర్క్యూటు ఇవ్వగల కరెంటుకు హద్దు ఉంది. స్ట్రోబు ఒక్కసారిగా పెద్ద కరెంటు లాగితే అది మూసుకుపోవచ్చు. రిమోటుకు, ఆటబొమ్మకు బాగుంటాయి గాని ఇక్కడ వద్దు. నికెల్ జింక్ సెల్ వోల్టేజి 1.6. నాలుగూ కలిపితే స్ట్రోబు అనుకున్నదానికంటే ఎక్కువ వోల్టేజి వెళ్తుంది, లోపలి భాగాలు వేడెక్కుతాయి. స్ట్రోబుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఏ సెల్లు వాడొచ్చో రాసి ఉంటుంది. ఎవరూ చదవని ఆ పేజీయే ముందు చదవాలి.

సరైన రకం కొన్నాం. అయితే నమ్మేయొచ్చా? ఇక్కడే మా నాన్న పద్ధతి పనికొచ్చింది. విత్తనాల సంచి మీద మొలకశాతం అచ్చేసి ఉంటుంది. సీలుంటుంది, రసీదు ఉంటుంది. అయినా నాన్న చల్లేముందు వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి మూల పెడతాడు. నాలుగైదు రోజులకు విప్పి ఎన్ని మొలిచాయో లెక్కపెడతాడు. నకిలీ విత్తనాలు అమ్మినవాడి మీద తరవాత కేసు పెట్టొచ్చు, పరిహారం కోసం తిరగొచ్చు. కాని పోయిన అదను తిరిగిరాదు. డైవు కూడా అదను లాంటిదే. నీటి అడుగున తెలిసిన నిజం ఆలస్యంగా తెలిసిన నిజం. అందుకే గట్టు మీదే తేల్చుకోవాలి.

నేను చేసే మొలకపరీక్ష రెండు భాగాలు. మొదటిది, ఎంత పడుతుందో చూడటం. కొలిచే ఛార్జర్లు దొరుకుతాయి. సెల్‌ని నింపి, ఖాళీచేసి, మళ్లీ నింపి అంకె చూపిస్తాయి. కొత్త సెల్లకు రెండు మూడుసార్లు ఇలా చేస్తే గాని అసలు అంకె తేలదు. రెండోది, బరువెత్తించి చూడటం. ఒక ఓము నిరోధం, అయిదు వాట్లది, కొన్ని రూపాయలకే వస్తుంది. నింపిన సెల్‌ని ఒక గంట చల్లారనిచ్చి మల్టీమీటరుతో వోల్టేజి చూడాలి. 1.32 ఉందనుకోండి. నిరోధం కలిపి మళ్లీ సెల్ రెండు కొనల దగ్గరే చూడాలి. 1.28 అయితే పారుతున్నది 1.28 ఆంపియర్లు, పడింది 0.04 వోల్టు. భాగిస్తే 0.03 ఓములు. మంచి సెల్. అదే 1.15కి పడిపోతే నిరోధం 0.15 ఓములకు దగ్గర. అది స్ట్రోబుకు పనికిరాదు.

ఈ రెండో పరీక్ష ఎందుకంటే, మొదటిదాన్ని మోసం చేయగల సెల్లున్నాయి. ఛార్జరు మెల్లిగా, అర ఆంపియరుతో ఖాళీచేస్తుంది. ముసలి సెల్ ఆ నెమ్మదికి తట్టుకుని 1900 చూపిస్తుంది. చూస్తే నిండు చెరువే. 8 ఆంపియర్లు అడిగేసరికి తూము పూడిపోయిన సంగతి బయటపడుతుంది. మార్కుల జాబితా చూసి మనిషిని ఉద్యోగంలో పెట్టుకుంటే ఏమవుతుందో పెద్దలు చెబుతుంటారు కదా, ఇదీ అంతే. చదువరులైన మిత్రులు నన్ను మన్నించాలి!

తర్వాతి సంగతి జత. స్ట్రోబులో నాలుగు సెల్లు వరసగా, ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒకే కరెంటు నాలుగింటిలోంచీ పోవాలి. అందుకని నాలుగింటి బలం సగటు కాదు, అందరికంటే బలహీనుడి బలమే మొత్తం బలం. ట్రాక్టర్లు రాని రోజుల్లో కళ్లంలో పశువుల్ని వరసగా కట్టి వరి తొక్కించేవారని తాతయ్య చెప్పేవాడు. వరసలో ఒక్కటి డీలాపడితే మిగతా మూడూ దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతాయి. అది పడిపోతే దాని మెడకే ప్రమాదం. సెల్లలో సరిగ్గా ఇదే జరుగుతుంది. బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది. మిగిలిన మూడూ దానిగుండా కరెంటు తోస్తూనే ఉంటాయి. అప్పుడు దాని ధన, ఋణ ధ్రువాలు తారుమారవుతాయి, లోపల హైడ్రోజన్ పుడుతుంది, సెల్ పాడవుతుంది. నీరు చొరకుండా బిగించిన పెట్టెలో ఆ వాయువు చేరడం మంచిది కాదు.

అందుకని నాలుగూ ఒకేసారి కొన్నవి, ఒకే కంపెనీవి, కొలిస్తే దగ్గర దగ్గరగా ఉన్నవి చూసి జతకట్టాలి. జతకట్టాక విడదీయకూడదు. కలిసి పుట్టిన నాలుగూ కలిసే ఛార్జి కావాలి, కలిసే పనిచేయాలి, కలిసే విశ్రాంతి తీసుకోవాలి. మా సెల్లమీద చెరగని పెన్నుతో క1, క2, క3, క4 అనీ, ఖ1, ఖ2 అనీ రాసి, కొన్న నెల, సంవత్సరం వేశాను. నోటుపుస్తకంలో ప్రతి సెల్‌కు ఒక పేజీ. ఎవరో వచ్చి “ఒక్క సెల్ ఇవ్వరా, మౌస్‌లో వేసుకుంటా” అంటే ఇవ్వను. ఈ విషయంలో నాకు హాస్టల్లో పిసినారి అని పేరొచ్చింది. రాసిన అంకెలో ఎనభై శాతం కంటే తక్కువ నిలుపుకునేవి, తూము పూడినవి స్ట్రోబునుంచి రిటైరవుతాయి. అప్పుడు అడిగినవాళ్లకు ఇస్తాను. గడియారంలో అవి ఇంకా ఏళ్లపాటు బతుకుతాయి.

ఛార్జరు గురించి కూడా ఒక మాట. రెండేసి సెల్లని కలిపి ఛార్జి చేసే చవకరకం వద్దు. ఒకటి నిండి ఉడికిపోతుంటే రెండోది ఆకలితో ఉంటుంది. ఒక్కో సెల్‌ని విడిగా చూసే ఛార్జరు కావాలి. నిండిన క్షణంలో ఈ సెల్ వోల్టేజి కొద్ది మిల్లీవోల్టులు తగ్గుతుంది. మంచి ఛార్జరు ఆ చిన్న తగ్గుదలని పసిగట్టి ఆపుతుంది. మరీ సన్నటి కరెంటుతో ఛార్జి చేస్తే ఆ తగ్గుదల కనబడదు. మరీ జోరుగా చేస్తే సెల్ కాలుతుంది. 2000 సెల్‌కు ఒక ఆంపియరు ప్రాంతం, రెండు గంటలకు పైగా పట్టేది, సమంజసం. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే ఏదో తేడా ఉన్నట్టే. వేసవిలో ఎండలో నిలిపిన కారులో సెల్లు వదిలేయకూడదు, ఛార్జి అసలే చేయకూడదు. జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి వేయకూడదు. ఆ కొనా ఈ కొనా కలిసిందంటే జేబు కాలుతుంది.

ఇక ఉప్పునీరు. స్ట్రోబు మూతకు ఓ-రింగు అనే రబ్బరు చుట్ట ఉంటుంది. దానికింద ఒక వెంట్రుక, ఒక ఇసుకరేణువు చాలు, సముద్రం లోపలికి రావడానికి. సెల్లమధ్య ఉప్పునీరు చేరితే విద్యుద్విశ్లేషణ జరిగి వాయువులు పుడతాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. అందువల్ల పైకొచ్చాక మూత తీసేటప్పుడు ముఖానికి ఎదురుగా పెట్టుకోకూడదు, ఇంకెవరివైపూ తిప్పకూడదు. మెల్లిగా, ఒక్కొక్క మరా విప్పాలి. తడిసిన సెల్లు ఎంత మంచివైనా తిరిగి వాడకూడదు. ఈ ఒక్క జాగ్రత్తకోసమే ఈ వ్యాసం చదివినా నాకు సంతోషం.

ఈ రెండేళ్లలో అన్నయ్య స్ట్రోబు నీళ్లలో మొండికేసింది లేదు. ఆ మొదటి నత్త మళ్లీ ఇంతవరకు కనబడలేదు. అది నిజం, దాచను. కాని ఈ ఫిబ్రవరిలో అదే రాళ్ల దగ్గర మరో రకం కనబడింది. ఊదారంగు ఒళ్లు, అంచున పసుపు గీత, వీపుమీద పువ్వులా విచ్చుకున్న మొప్పలు. నలభై ఒక్క ఫోటోలు తీశాడు. నలభై ఒకటిలోనూ మెరుపు ఉంది. వాటిలో పసుపు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో స్పష్టంగా కనబడుతోంది. దాని పేరు తేల్చేపని ఇప్పుడు ఆయన గైడుగారి బల్లమీద ఉంది.

ఆ ఫోటోలు నాన్నకు ఫోనులో చూపించి, సెల్లు ఎలా పరీక్ష చేస్తానో చెప్పాను. నత్తని కాసేపు చూసి, “ఇది పంటకి పడుతుందా?” అని అడిగాడు. పట్టదన్నాను. “అయితే మంచిదే. ఈ సెల్లు పెట్టుకునే మందుల స్ప్రేయరు దొరికితే చెప్పు” అన్నాడు. స్ప్రేయరు బ్యాటరీ వేరే రకం, దానిమీద ఇంకో వ్యాసం రాయాల్సి ఉంటుంది.

కడగా, మన కాలేజీలో ఫోటోలు తీసేవాళ్లు, ఎలక్ట్రానిక్సు ప్రాజెక్టులు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ దగ్గరున్న సెల్లు ఎంతపాటివో తెలుసుకోవాలనుంటే ఆదివారం పూట నా గదికి రండి. త్రాసు మాత్రం లాబొరేటరీలోనే ఉంది గాని, ఒక ఓము నిరోధం, మల్టీమీటరు నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. పైసా తీసుకోను. తెచ్చేటప్పుడు మాత్రం నాలుగూ కలిపే తీసుకురండి.